రాత్రి డ్యూటీ ఆట

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను ఎత్తుకున్న విషయం వినగానే మీలో కొందరు, "ఇదేమిటమ్మా! ఆవకాయ గురించో, పిల్లల జలుబు గురించో చెప్పక, ఈవిడ వీడియో గేముల గురించి మొదలుపెట్టింది!" అనుకోవచ్చు. ఆవకాయ ఏడాదికి ఒక్కసారే కదండీ. ఈ ఆటలు మాత్రం మన ఇళ్ళల్లో రోజూ నడుస్తున్నాయి, అదీ అందరూ పడుకున్నాక. గది తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. లోపల దీపం ఉండదు. తెర వెలుగు మాత్రం పిల్లవాడి ముఖం మీద నీలంగా పడుతూ ఉంటుంది. ఉన్నట్టుండి కెవ్వున ఒక అరుపు! మనం కొంగు సర్దుకుంటూ పరుగెత్తుకెళితే, "ఏం లేదమ్మా, ఆట" అంటాడు.

ఏమిటా ఆట అని ఎప్పుడైనా అడిగారా? "ఏదో దయ్యాల గోల" అని మనం కొట్టిపారేస్తాం. నేను పిల్లల పక్కన కూర్చుని కొన్ని చూశాను, తెలియనివి వాళ్ళను అడిగి తెలుసుకున్నాను. నన్ను ఆశ్చర్యపరిచింది దయ్యం కాదు. వీటిలో చాలా ఆటల్లో కథానాయకుడు రాజకుమారుడు కాదు, సైనికుడూ కాదు, ఉద్యోగి. రాత్రి కాపలాదారు, దుకాణంలో గుమాస్తా పిల్ల, ఆఫీసులో ఒక నంబరు. భయం పుట్టేది పాడుబడ్డ కోటలో కాదు, పనిచేసే చోట. వీటిని 'సైకలాజికల్ హారర్' అంటారు. కత్తి పట్టుకుని ఎదురుగా వచ్చే భయం కాదు, మనసులో మెల్లగా పాకే భయం అన్నమాట.

ఉదాహరణకు ఒకటి చెబుతాను. 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' అని, 2014 ఆగస్టులో వచ్చింది. తయారుచేసినాయన స్కాట్ కాథన్ అనే అమెరికా దేశస్థుడు. అంతకు ముందు ఆయన పిల్లల కోసం ఒక సరదా ఆట చేస్తే, "ఇందులో బొమ్మలు మరబొమ్మల్లా భయంకరంగా ఉన్నాయి" అని విమర్శించారట. సరే, భయపెట్టే మరబొమ్మలే కావాలా అని ఆ విమర్శనే పట్టుకుని ఈ ఆట కట్టాడు. దానికి ఎంత పేరొచ్చిందంటే, 2023లో హాలీవుడ్ వాళ్ళు సినిమా కూడా తీశారు.

ఆట మొదలవగానే మీరొక చిన్న గదిలో కుర్చీలో కూర్చుని ఉంటారు. అది పిల్లలు పుట్టినరోజులు చేసుకునే ఫలహారశాల. ఎలుగుబంటి, కుందేలు, కోడిపిల్ల రూపంలో ఉన్న మరబొమ్మలు పగలు పాటలు పాడి పిల్లల్ని ఆడిస్తాయి. రాత్రి అవే బొమ్మలు లేచి తిరుగుతాయి. మీ డ్యూటీ రాత్రి 12 నుంచి పొద్దున్న 6 దాకా. ఎడమవైపు ఒక తలుపు, కుడివైపు ఒక తలుపు, ఎదురుగా కెమెరాల తెర. మీరు లేచి నడవలేరు. చేతిలో కర్ర లేదు, తుపాకి లేదు. చూడడం, దీపం వేయడం, తలుపు మూయడం, అంతే మీరు చేయగలిగింది.

అది కూడా ఇష్టమొచ్చినట్టు చేయడానికి వీల్లేదు. కరెంటుకు లెక్క ఉంది. తలుపు మూస్తే కరెంటు ఖర్చు, దీపం వేస్తే ఖర్చు, కెమెరా చూస్తే ఖర్చు. చూడకపోతే భయం, చూస్తే కరెంటు అయిపోతుంది. అయిపోయిందా, తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. నెలాఖరులో గ్యాసు బండ ఊపి చూసుకుంటూ, వచ్చే ఒకటో తారీఖు దాకా లాక్కొచ్చే మన ఆడవాళ్ళకు ఈ లెక్క ఒకరు నేర్పనక్కరలేదు. ఆటలో రాత్రంతా కలిపి మన గడియారంలో తొమ్మిది నిమిషాలకు మించదు. ఆ తొమ్మిది నిమిషాలు పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

నాకు అంతకన్నా వింతగా తోచింది ఇంకొకటి. డ్యూటీ ఎక్కగానే టెలిఫోను మోగుతుంది. అంతకు ముందు అదే కుర్చీలో పనిచేసిన మనిషి రికార్డు చేసి పెట్టిన మాటలు వినిపిస్తాయి. చాలా మర్యాదగా, కంపెనీ తరపున స్వాగతం చెబుతాడు. ఉద్యోగికి ఏదైనా ప్రాణహాని జరిగితే మనిషి కనబడటం లేదని 90 రోజుల్లోగా ఫిర్యాదు ఇస్తామని, లేకపోతే నేలంతా కడిగి తివాచీలు మార్చిన తరువాత ఇస్తామని, ఆ భావం వచ్చేట్టు నిబంధన చదువుతాడు. నాలుగో రాత్రి ఆ గొంతు మధ్యలోనే ఆగిపోతుంది. వారం పూర్తయితే చెక్కు వస్తుంది: 120 డాలర్లు. అంటే గంటకు 4 డాలర్లు. ఆరో రాత్రి కూడా పనిచేస్తే, ఓవర్‌టైము కింద మరో అర డాలరు! ఏడో రాత్రి గడిపినవాడికి ఉద్యోగంలోంచి తీసేసినట్టు కాగితం చేతికొస్తుంది. అందులో చూపిన కారణాల్లో ఒకటి, ఒంటి దుర్వాసన.

పిల్లలు ఇది చూసి పకపకా నవ్వుతారు. ఉద్యోగం చేసే మనిషి మాత్రం నవ్వబోయి ఆగిపోతాడు.

ఇదంతా పాశ్చాత్యుల వెర్రి అనుకునేరు! మన చందమామ గుర్తుందా? 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథలు తరాల తరబడి చదువుకున్నాం. విక్రమార్కుడి పని ఏమిటి? రాత్రివేళ శ్మశానానికి పోవాలి, చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని తేవాలి. నోరు మెదిపితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, పని మళ్ళీ మొదటికొస్తుంది. తెలిసి జవాబు చెప్పకపోతే తల పగులుతుంది. ఈనాటి ఆటల నడక కూడా సరిగ్గా ఇదే. తప్పితే మొదటినుంచి మొదలు. చేసినా కష్టమే, చేయకపోయినా కష్టమే.

హరిశ్చంద్రుణ్ణి తీసుకోండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో కాటిసీను కోసం జనం తెల్లవార్లూ మేలుకుని కూర్చునేవారు. జాషువా గారి శ్మశాన పద్యాలు ఆ సీనులో కలిశాక దాని పట్టు మరింత పెరిగింది. ఆలోచించి చూస్తే ఆ సీనులో ఉన్నదేమిటి? ఒక రాత్రి డ్యూటీ. వీరబాహు దగ్గర కొలువు. కన్నకొడుకు శవాన్ని భార్య ఎత్తుకొస్తే, కాటిసుంకం కట్టనిదే దహనం కానివ్వనని చెప్పాల్సిన ఉద్యోగం. అక్కడ మనల్ని వణికించింది శ్మశానంలోని దయ్యాలు కావు. తన మనిషిని కూడా గుర్తించకూడని ఆ కొలువు నిబంధన. 2022లో 'ది మార్చురీ అసిస్టెంట్' అని ఒక ఆట వచ్చింది. శవాల గదిలో పని నేర్చుకుంటున్న ఒక యువతి రాత్రివేళ ఒంటరిగా డ్యూటీ చేస్తుంది. మన పిల్లలు అది ఆడుతుంటే, వాళ్ళ ముత్తాతలు కాటిసీను చూసినట్టే నాకు అనిపించింది.

ఇక మిగతా ఆటల్లో రెండు మూడు చెప్పి ముందుకు వెళతాను.

2013లో వచ్చిన 'ది స్టాన్లీ పేరబుల్' అనే ఆటలో రక్తం లేదు, అరుపు లేదు. స్టాన్లీ అనే ఉద్యోగి, నంబరు 427. తెర మీద ఏ మీట నొక్కమని వస్తే ఆ మీట నొక్కడం అతని పని. ఎందుకు నొక్కుతున్నాడో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు, సంతోషంగానే ఉన్నాడు. ఒకరోజు ఆజ్ఞలు రావడం ఆగిపోతుంది. లేచి చూస్తే ఆఫీసులో ఒక్క మనిషీ ఉండడు. ఎక్కడినుంచో ఒక గొంతు మాత్రం అతను ఏం చేయబోతున్నాడో ముందే చెబుతూ ఉంటుంది. ఎదురుగా రెండు తలుపులుంటే, "స్టాన్లీ ఎడమ తలుపులోంచి వెళ్ళాడు" అన్నట్టు చెబుతుంది. మీరు కుడి తలుపులోంచి వెళ్ళవచ్చు. వెళితే ఆ గొంతుకు కోపం! చాలావరకు నవ్వు పుట్టించే ఆటే గాని, ఆ ఖాళీ ఆఫీసు చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

జపానులో ఇద్దరు అన్నదమ్ములు 'చిల్లాస్ ఆర్ట్' అన్న పేరుతో చిన్న చిన్న భయం ఆటలు చేస్తున్నారు. 2020లో వాళ్ళు చేసిన 'ది కన్వీనియెన్స్ స్టోర్'లో చదువుకునే అమ్మాయి ఒకతె రాత్రంతా తెరిచి ఉండే దుకాణంలో పనిచేస్తుంది. సరుకులు సర్దుతుంది, బిల్లు వేస్తుంది, తుడుస్తుంది, ఒంటరిగా ఇంటికి నడుస్తుంది. 2022లో చేసిన 'ది క్లోజింగ్ షిఫ్ట్'లో కాఫీ దుకాణంలో పనిచేసే అమ్మాయి. అందులో భయం మనిషిదే, ఆ అమ్మాయి వెంటబడే ఒక మగవాడిది. ఆ అమ్మాయి మాత్రం నవ్వు ముఖంతో కాఫీ అందిస్తూనే ఉండాలి, ఎందుకంటే అది డ్యూటీ. మగపిల్లలు దీన్ని ఆటగా ఆడుతున్నారు. పక్కన కూర్చున్న ఆడపిల్ల ఏమంటుందో ఎవరైనా అడిగారో లేదో!

ఇప్పుడు మన ప్రాంతానికి వస్తాను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచిన తరువాత మన రాజేంద్రనగరు వైపు రాత్రికీ పగలుకీ తేడా తగ్గిపోయింది. అర్ధరాత్రి ఒంటిగంటకు వీధి మొదట్లో క్యాబు హారను వినిపిస్తే, ఎవరింటి పిల్లకో డ్యూటీ టైమయిందని తెలుసు. సామాను విభాగం, టికెట్ల బల్ల, దుకాణాలు, కాఫీ కౌంటర్లు, శుభ్రం చేసే పని, కాపలా పని. ఇవన్నీ తెల్లవార్లూ నడవాలి. అటు గచ్చిబౌలి వైపు వెళ్ళే కార్లు వేరే. అక్కడి ఆఫీసులు అమెరికా గడియారం ప్రకారం తెరుచుకుంటాయి. 2019 నవంబరులో శంషాబాదు దగ్గర జరిగిన ఘోరం తరువాత, పిల్ల ఇల్లు చేరేదాకా ఫోను దిండు కింద పెట్టుకుని కూర్చునే తల్లులు మన కాలనీల్లో ఇంటికొకరున్నారు.

అంచేత ఈ రాత్రి డ్యూటీ ఆటలు మన పిల్లలకు ఎక్కడో అమెరికా సంగతులు కావు. వాళ్ళ అక్క డ్యూటీ, వాళ్ళ నాన్న డ్యూటీ, రేపు తాము చేయబోయే డ్యూటీ.

మా కాలనీలో ఒకావిడ తన కూతురి సంగతి చెప్పింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. రాత్రి ఉద్యోగం. తెర ముందు కూర్చుని, జనం పంపిన వీడియోల్లో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో చూసే పని. తెల్లవారి ఇంటికొచ్చి పడుకోకుండా సెల్‌ఫోనులో ఈ భయం ఆటలు పెట్టుకునేది. కొన్నాళ్ళకు అందరితో కలిసి భోజనానికి రావడం మానేసింది. పడుకున్నా బాత్‌రూములో దీపం వెలుగుతూ ఉండాల్సిందే. చిన్న పిల్లల ఏడుపు వినిపిస్తే కిటికీ మూసేసేది. తల్లికి కోపమొచ్చి, "ఈ దయ్యాల ఆటలే నిన్ను ఇలా చేశాయి" అని ఫోను లాక్కుంది. అప్పుడా పిల్ల అన్న మాట ఇది: "ఆటలో ఏం వస్తుందో నాకు తెలుసమ్మా. వద్దనుకుంటే ఆపేస్తాను. ఆఫీసులో తరువాత ఏం వస్తుందో తెలియదు. ఆపడానికీ వీల్లేదు."

ఆ తల్లి ఈ మాట నాతో చెబుతూ కాసేపు ఊరుకుంది. నేనూ ఏమీ అనలేకపోయాను.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదని పత్రికలు చదివేవారికి తెలుసు. 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ మన హైదరాబాదు మీదే ఒక పెద్ద కథనం రాసింది. ఫేస్‌బుక్‌లో జనం పెట్టే బొమ్మలూ, వీడియోలూ వడకట్టే పని ఇక్కడి జెన్‌పాక్ట్ కంపెనీలో సుమారు 1,600 మంది చేస్తున్నారని, అందులో భారతీయ భాషల సరుకు కూడా వస్తుందని తెలిసింది. ఎనిమిది గంటల డ్యూటీలో 2,000 దాకా చూడాల్సి వస్తోందని కొందరు ఉద్యోగులు చెప్పారు. అంటే నిమిషానికి నాలుగు. ఆ లెక్క సరికాదని ఫేస్‌బుక్ అంది. లెక్క ఎంతైనా కానివ్వండి, ఆ పని ఏమిటో ఆలోచించండి. హత్యలు, ఆత్మహత్యలు, పసిపిల్లల మీద అఘాయిత్యాలు. మనం చూడకూడదని ఎవరో ఒకరు ముందే చూసి తీసేయాలి. ఆ ఎవరో ఒకరు మన పిల్లలు. జీతం తక్కువని, మనసు దెబ్బతింటోందని వాళ్ళలో కొందరు ఆనాడే చెప్పుకున్నారు.

అమెరికాలో ఇదే పని చేసి మనోవ్యాధి పాలైనవారు 2018లో కోర్టుకెక్కారు. 2020 మే నెలలో ఫేస్‌బుక్ వాళ్ళకు 5 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 11 వేల పైచిలుకు మందికి అది వర్తించింది. కాని అది అమెరికాలో పనిచేసినవారికి మాత్రమే. ఒకే తెర, ఒకే రకం దృశ్యాలు. సముద్రానికి అవతల కూర్చుంటే పరిహారం, ఇవతల కూర్చుంటే లేదు.

తెర చూడడం కూడా శ్రమే అని కొన్నిచోట్ల గుర్తించారు. విమానాశ్రయాల్లో మన సంచులు ఎక్స్‌రే యంత్రంలోంచి పోతుంటే ఒకరు తెర చూస్తూ కూర్చుంటారు, గమనించారా? ఐరోపా దేశాల నిబంధనల ప్రకారం ఆ మనిషి సాధారణంగా 20 నిమిషాలకు మించి ఏకధాటిగా తెర చూడకూడదు. ఆ తరువాత కనీసం 10 నిమిషాలు చూపు మరల్చాలి. సంచిలో దువ్వెనలూ, సబ్బుపెట్టెలూ చూసేవాళ్ళకే అంత విరామం కావాలంటే, ఘోరాలు చూసేవాళ్ళకు ఎంత కావాలి?

మరి పిల్లలు ఆ భయాన్నే ఆటగా ఎందుకు కొనుక్కుంటున్నారు? కారణం తెలుసుకుంటే మన కోపం సగం తగ్గుతుంది. భయం వేసినప్పుడు గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, ఒళ్ళంతా పరుగుకు సిద్ధమవుతుంది. ఆట అయిపోగానే, తానెక్కడికీ పోలేదని, తన మంచం మీదే ఉన్నానని తెలిసి హాయిగా ఉంటుంది. మనం చిన్నప్పుడు అమ్మమ్మ పక్కలో దూరి దయ్యాల కథ చెప్పమని వేధించలేదూ? పక్కన అమ్మమ్మ వెచ్చగా ఉండబట్టే దయ్యం కథ బాగుండేది. పనిలో బెదిరిన పిల్లకు ఇంకో ఉపయోగం కూడా ఉందేమో. తన చేతిలో లేని భయం నుంచి వచ్చి, తన చేతిలో ఉన్న భయంతో కాసేపు కూర్చుంటుంది. అందుకని ఆట లాక్కున్నంత మాత్రాన ఆ భయం పోదు.

అలాగని అందరికీ మంచిదని నేననను. చిన్నపిల్లల సంగతి వేరు. ఆట దించుకునేటప్పుడు పేరు కిందే 12 అనో, 16 అనో, 18 అనో వయసు గుర్తు ఉంటుంది. ఫోను మీ చేతిలోకి తీసుకుని అది చూడండి. బొమ్మలు ముద్దుగా ఉన్నాయి కదా అని మోసపోకండి. ఆ ఫ్రెడ్డీ ఎలుగుబంటి బొమ్మలు దుకాణాల్లో మెత్తగా, ముద్దుగానే అమ్ముతున్నారు. పిల్ల రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నా, ఒంటరిగా గదిలోకి పోనంటున్నా, ఆటను కొన్నాళ్ళు పక్కన పెట్టించండి. పెద్దపిల్లలైతే పక్కన కూర్చుని ఒకసారి ఆడించుకుని చూడండి. "ఈ కాపలావాడు ఉద్యోగం ఎందుకు మానేయడురా?" అని అడగండి. నేనడిగితే ఒక కుర్రవాడు, "మానేస్తే ఆట లేదుగా, ఆంటీ" అన్నాడు. పక్కనున్న వాడి అన్న, ఉద్యోగంలో చేరి ఏడాదయిందట, "ఇ.ఎం.ఐ. ఉందేమో" అన్నాడు.

ఇకపోతే ఉద్యోగాలు చేసే మన పిల్లల మాట. ఇంటికి రాగానే "తిన్నావా?" అని అడుగుతాం. అది అడగాల్సిందే. దానితోపాటు ఇంకో నాలుగు ప్రశ్నలు కలపండి. రాత్రి నీ పక్కన ఎవరుంటారు? ఏదైనా జరిగితే ఎవరిని పిలుస్తావు, పిలిస్తే పలుకుతారా? మధ్యలో లేచి నడిచే వీలుందా? ఈ వేళ చూసినవాటిలో మరిచిపోలేనిది ఏదైనా ఉందా? ఒక్కరోజులో జవాబు రాదు. పప్పులో పోపు వేస్తూ మాట కలిపితే నాలుగో రోజున వస్తుంది.

కొన్ని విషయాలు కాగితం మీద రాసి పెట్టుకోండి. పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో చట్టం వచ్చింది. 10 మంది లేక అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా చిన్న దుకాణమైతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళవచ్చు. జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే మరో 3 నెలలు గడువు పొడిగిస్తారు. కంపెనీ ఏర్పాటు చేసిన క్యాబు కూడా ఆ చట్టం దృష్టిలో పనిచేసే చోటే. వేధించినవాడు తోటి ఉద్యోగి కాక బయటినుంచి వచ్చిన గిరాకీ అయినా, చర్యకు పూనుకోవాల్సిన బాధ్యత యజమానిదే. ఆ కాఫీ దుకాణం ఆటలోని అమ్మాయికి ఈ సంగతి చెప్పేవాళ్ళు లేరు. మన అమ్మాయికి మనమున్నాం.

మనసు కుంగినప్పుడు మాట్లాడడానికి టెలి మానస్ అనే ప్రభుత్వ టెలిఫోను సేవ 2022 అక్టోబరులో మొదలయింది. నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆపద వస్తే 112, స్త్రీల సహాయానికి 181. ఇవి పిల్ల ఫోనులోనే కాదు, మీ ఫోనులో కూడా ఉండాలి.

చివరగా ఒక్క మాట. మనం ఒప్పుకోవడానికి కొంచెం కష్టమైన మాటే. పిల్ల "ఈ ఉద్యోగం చేయలేనమ్మా" అన్నప్పుడు మన నోటి వెంట మొదట వచ్చేదేమిటి? "అందరూ చేయడం లేదా? ఇంకో ఏడాది ఓర్చుకో. ఉద్యోగం లేదంటే సంబంధాలు ఎలా వస్తాయి? ఫ్లాటు వాయిదాలు ఎవరు కడతారు?" ఈ మాటల్లో అబద్ధం లేదు, వాయిదాలు నిజమే. కాని ఆ గదిలో కూర్చున్న పిల్లకు రెండు తలుపులూ మూసుకుపోయినట్టు అనిపించేది ఈ మాటలకే. కంపెనీ మూసేది ఒక తలుపు. రెండోది ఇంటి తలుపు. అది మన చేతిలో ఉంది.

మానేయమని ప్రోత్సహించమని నేను చెప్పడం లేదు. మానేసినా ఇక్కడ నీ కంచం, నీ మంచం ఎక్కడికీ పోవని ఒక్కసారి నోరు తెరిచి చెప్పమంటున్నాను. ఆ ధైర్యం ఉన్న పిల్ల చాలాసార్లు మానేయదు. సెలవు అడుగుతుంది, వేరే విభాగానికి మార్చమని అడుగుతుంది, తప్పు చేసినవాడి పేరు బయటపెడుతుంది. మా కాలనీ ఆవిడ కూతురు అలాగే అడిగి పగటి పనికి మారింది. ఇప్పుడు జీతం కొంత తక్కువ. బాత్‌రూములో దీపం ఇంకా వెలుగుతూనే ఉంటుందట, కాని భోజనానికి మాత్రం అందరితోపాటు వచ్చి కూర్చుంటోందని ఆవిడ మొన్న చెప్పింది.

ఈ రాత్రి పిల్లల గదిలోంచి అరుపు వినిపిస్తే, తిట్టడానికి ముందు పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. ఆటలో డ్యూటీ ఎవరిదో అడగండి. ఆ తరువాత మెల్లగా, వాళ్ళ డ్యూటీ సంగతి అడగండి.